రెండు భాషల గట్టు తగాదా

కంప్యూటర్‌లో మనం రోజూ తెరిచే సాఫ్ట్‌వేర్లలో మొదటి నుంచి చివరిదాకా ఒకే ప్రోగ్రామింగ్ భాషలో రాసినవి చాలా తక్కువ. ఫొటోలు దిద్దేదైనా, ఇంటి ప్లాన్ గీసేదైనా, ఖాతాలు రాసేదైనా లోపల కనీసం రెండు భాషలు కాపురం చేస్తుంటాయి. ఎవరి పొలం వాళ్లు బాగానే పండించుకుంటారు, తగాదా వచ్చేది గట్టు దగ్గర. ఒక భాష లెక్క సున్నాతో మొదలుపెడితే ఇంకోటి ఒకటితో మొదలుపెడుతుంది. ఒకటి నిజాన్ని 1 అంటే ఇంకోటి మైనస్ 1 అంటుంది. ఆ గట్టు వెంబడి నడిస్తే దొరికే విశేషాలు కొన్ని.

◆ ఫొటోషాప్ మొదటి వెర్షన్ 1990లో వచ్చింది. దాని సోర్స్ కోడ్‌ను అమెరికాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం 2013లో బయటపెట్టింది. మొత్తం 179 ఫైళ్లు, దాదాపు 1,28,000 లైన్లు. లైన్ల లెక్కన చూస్తే నూటికి 75 వంతులు పాస్కల్, 15 వంతులు 68000 ప్రాసెసర్ అసెంబ్లీ, మిగిలింది రకరకాల డేటా. థామస్ నోల్, ఆయన తమ్ముడు జాన్ నోల్ కలిసి మొదలుపెట్టిన ఈ పనిలో రెండో భాష ఎందుకొచ్చిందో ఊహించడం కష్టం కాదు. 640 × 480 బొమ్మలో 3,07,200 చుక్కలుంటాయి. మెనూ తెరవడంలాంటి పని ఒక్కసారి జరుగుతుంది, అది కాస్త నెమ్మదైనా ఎవరికీ తెలియదు. బొమ్మను మసకబార్చే పని మాత్రం మూడు లక్షల చుక్కల మీద మూడు లక్షల సార్లు జరగాలి. అలాంటి చోట్లకే అసెంబ్లీ, మిగతా అంతటికీ పాస్కల్.

అంతకు ముందే, 1984లో, మెకింటాష్‌తో పాటు వచ్చిన మ్యాక్‌పెయింట్‌లోనూ ఇదే పంపకం. బిల్ అట్కిన్సన్ రాసిన ఆ ప్రోగ్రామ్‌లో పాస్కల్ 5,822 లైన్లు, అసెంబ్లీ 3,583 లైన్లు. దానికి ఆధారమైన క్విక్‌డ్రా అయితే మొత్తం అసెంబ్లీయే, 17,101 లైన్లు. తరవాత నలభై ఏళ్లలో భాషల పేర్లు మారాయి గానీ ఈ పంపకం పెద్దగా మారలేదు. తరచూ మారే పని సులువైన భాషలో, లక్షల సార్లు జరిగే పని వేగమైన భాషలో.

◆ ఆ మెకింటాష్ మీద సీ భాషలో రాసేవాళ్ల పాట్లు వేరు. పాస్కల్ ఒక మాటను దాచేటప్పుడు ముందు దాని పొడవు రాస్తుంది, తరవాత అక్షరాలు. సీ భాష అక్షరాలు రాసి, చివర ఒక సున్నా పెడుతుంది. ‘హలో’ అని ఇంగ్లిషులో రాస్తే పాస్కల్ దృష్టిలో అది 5, తరవాత ఐదు అక్షరాలు. సీ దృష్టిలో ఐదు అక్షరాలు, తరవాత 0. మ్యాక్ సిస్టమ్ ఫంక్షన్లు దాదాపు అన్నీ పాస్కల్ పద్ధతినే ఆశించేవి. సీ ప్రోగ్రామర్ పొరపాటున తన పద్ధతిలోని హలోను వాటికి ఇచ్చాడనుకోండి. మొదటి బైటులో ఉన్న హెచ్ అక్షరం కోడ్ 72. కాబట్టి సిస్టమ్ ‘ఓహో, ఈ మాట పొడవు 72’ అనుకుని, మిగిలిన నాలుగక్షరాలతో ఆగకుండా మెమరీలో పక్కనున్న చెత్తనంతా కలిపి 72 బైట్లు తెర మీద పరిచేస్తుంది. ఈ గొడవ పడలేక మ్యాక్ మీది సీ కంపైలర్లు ఓ చిన్న వెసులుబాటు ఇచ్చాయి. మాటకు ముందు బ్యాక్‌స్లాష్, పీ అని పెడితే అది పాస్కల్ పద్ధతి మాట అవుతుంది. పొడవుకు ఒక్క బైటే కేటాయించారు గనక 255 అక్షరాలకు మించిన మాట అందులో పట్టదు.

◆ పాత విండోస్ కూడా పాస్కల్‌కు అప్పు పడింది. ఒక ఫంక్షన్‌ను పిలిచాక దానికిచ్చిన విలువలు పేర్చిన స్టాక్‌ను శుభ్రం చేయాల్సింది ఎవరు? సీ పద్ధతిలో పిలిచినవాడు, పాస్కల్ పద్ధతిలో పని చేసిపెట్టినవాడు. రెండో పద్ధతిలో శుభ్రం చేసే కోడ్ ఒక్క చోటే ఉంటుంది కాబట్టి ప్రోగ్రామ్ కాస్త చిన్నదవుతుంది. కొన్ని వందల కిలోబైట్ల మెమరీలో బతికే రోజుల్లో అదే గొప్ప పొదుపు. అందుకే 16-బిట్ విండోస్ తన ఫంక్షన్లకు పాస్కల్ పద్ధతినే పెట్టుకుంది. మినహాయింపు డబ్ల్యూ-స్ప్రింట్‌ఎఫ్. దానికి ఎన్ని విలువలు ఇస్తారో ముందుగా తెలియదు కాబట్టి, పిలిచినవాడే శుభ్రం చేయక తప్పదు.

◆ మాటల పొడవు గొడవ మనకు కొత్తదేమీ కాదు. ‘శ్రీ’ అన్న ఒక్క అక్షరాన్ని తీసుకోండి. యూనికోడ్‌లో అది నాలుగు ముక్కలు: శ, పొల్లు, ర, ఈకారపు గుర్తు. పైథాన్‌ను పొడవెంత అని అడిగితే 4 అంటుంది. జావా, సీ షార్ప్, జావాస్క్రిప్ట్ కూడా 4 అనే అంటాయి. రస్ట్‌నో గోనో అడిగితే 12 అంటాయి, ఎందుకంటే అవి యూటీఎఫ్-8లో బైట్లు లెక్కపెడతాయి, తెలుగు ముక్క ఒక్కోదానికి అక్కడ మూడు బైట్లు. అదే యూటీఎఫ్-16లో అయితే ఎనిమిది బైట్లు. మనిషిని అడిగితే మాత్రం ఒకటే అక్షరం.

అందరూ చెప్పింది నిజమే, కానీ ఒకరి లెక్క ఇంకొకరికి పనికిరాదు. పైథాన్ వైపు 4 అని చూసి, సీ వైపు నాలుగు బైట్ల చోటు సిద్ధం చేసుకున్నవాడికి శకారం పడుతుంది, ఆ తరవాత పొల్లులోని మొదటి బైటు దాకా వచ్చి తెగిపోతుంది. ఇంగ్లిషులో పరీక్షించినప్పుడు ఈ తప్పు బయటపడదు, అక్కడ అక్షరం, ముక్క, బైటు మూడూ ఒకటే. రెండు భాషల మధ్య మాటలు అటూ ఇటూ వెళ్లే సాఫ్ట్‌వేర్ ఏది రాసినా, పరీక్షకు ఇంగ్లిషు పేరు కాకుండా శ్రీలక్ష్మి గారి పేరు పెట్టమని నా సలహా.

◆ ఇంకో తెలుగు ముచ్చట. పైథాన్‌లో బొమ్మల పనికి పిల్లో లైబ్రరీ వాడేవాళ్లు బొమ్మ మీద తెలుగు రాస్తే ఒక్కోసారి ఒత్తులు విడిపోయి, పొల్లు కనబడుతూ అక్షరాలు పక్కపక్కన పడుతుంటాయి. తప్పు పైథాన్‌ది కాదు, ఫాంట్‌ది అసలే కాదు. ఒత్తు ఎక్కడ కూర్చోవాలో తేల్చే పని రాఖ్మ్ అనే సీ లైబ్రరీది, దాని వెనక హార్ఫ్‌బజ్ అనే సీ ప్లస్ ప్లస్ లైబ్రరీది. కంప్యూటర్‌లో రాఖ్మ్ లేకపోతే పిల్లో గోల చేయదు, తనకు తెలిసిన సాదా పద్ధతిలో అక్షరాలు వరసగా పేర్చేసి ఊరుకుంటుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్ మూడింటిలోనూ తెలుగు కుదురుగా కనబడుతోందంటే ఆ పుణ్యం హార్ఫ్‌బజ్‌దే.

◆ కింది పొరకు జబ్బు చేస్తే పైనున్నవాళ్లంతా మంచం పడతారనడానికి సాక్ష్యం 2018 ఫిబ్రవరి. ‘జ్ఞా’ అన్న అక్షరం మధ్యలో కంటికి కనబడని ఒక యూనికోడ్ గుర్తు చేరితే చాలు, ఐఫోన్లలోనూ మ్యాక్ కంప్యూటర్లలోనూ ఆ సందేశం తెరిచిన యాప్ తెరిచినట్టే కూలిపోయేది. ఒక యాప్ ఒక భాషలో రాసింది, ఇంకోటి ఇంకో భాషలో. అయినా అన్నీ అక్షరాలు గీయడానికి ఆపిల్ వారి ఒకే కోడ్‌ను పిలుస్తాయి, లోపం అక్కడుంది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. ప్రపంచంలో ఎందరో ‘తెలుగు’ అనే మాటను మొదటిసారి విన్నది ఆ వారంలోనే అయ్యుంటుంది. సంతోషించాలో లేదో తెలియని ఘనత!

◆ ఈమ్యాక్స్ అనే ఎడిటర్ ప్రోగ్రామర్లకు తెలిసిందే. రిచర్డ్ స్టాల్‌మన్ రాసిన గ్నూ ఈమ్యాక్స్ 1985లో బయటికొచ్చింది. లోపల చిన్న సీ గుండెకాయ, ఆ పైన చాలావరకు లిస్ప్. ఇది మామూలే అనిపించవచ్చు. అసలు తమాషా అది తెరుచుకునే పద్ధతిలో ఉంది. అంత లిస్ప్ కోడ్‌నూ తెరిచిన ప్రతిసారీ చదువుతూ కూర్చుంటే అప్పటి కంప్యూటర్లలో చాలాసేపు పట్టేది. అందుకని తయారుచేసేటప్పుడే ఒకసారి సీ భాగాన్ని నడిపి, లిస్ప్ అంతా చదివించి, ఆ క్షణంలో మెమరీ ఎలా ఉందో అలాగే మొత్తం తీసి ఒక కొత్త ప్రోగ్రామ్‌గా డిస్క్ మీద రాసేసేవారు. మీరు తెరిచేది ఆ రెండో ప్రోగ్రామ్‌ను, అది అప్పటికే అంతా చదువుకుని ఉంటుంది. గడుసు ఉపాయమే, కానీ ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీని ఎలా సర్దుతుందో అన్న సూక్ష్మాల మీద ఆధారపడ్డ ఉపాయం. కింద ఏది మారినా ఇది బెదిరేది. చివరికి 2020లో, 27వ వెర్షన్‌లో, దీనికి బదులు ఎక్కడైనా పనిచేసే మరో పద్ధతి పెట్టారు. అంటే ఆ ఉపాయం ముప్పై ఏళ్లకు పైగా నడిచింది.

◆ సివిల్ ఇంజినీర్లకు ఒక ప్రశ్న. కృత్రిమ మేధ పరిశోధన కోసం 1958లో జాన్ మెకార్తీ మొదలుపెట్టిన లిస్ప్ భాషకూ, మీ డ్రాయింగులకూ ఏమిటి సంబంధం? ఆటోక్యాడ్‌లో 1986 నుంచీ ఆటోలిస్ప్ ఉంది. గోడ గీయడం, కొలతలు వేయడం, లేయర్లు మార్చడంలాంటి పదిసార్లు చేసే పనులను ఒక్క కమాండ్‌లో చుట్టేసే ‘లిస్ప్ ఫైలు’ లేని డ్రాఫ్ట్స్‌మన్ అరుదు. కాలేజీలో ఎవరూ నేర్పని భాష, పేరు విననివాళ్ల చేతుల్లో కూడా రోజూ నడుస్తోంది. ఆ ఆటోలిస్ప్‌కు మూలం డేవిడ్ బెట్జ్ అనే ఆయన రాసిన ఎక్స్‌లిస్ప్. ధర తక్కువ అని ఆటోక్యాడ్ ఎల్‌టీ కొన్నవాళ్లకు మాత్రం ఈ వసతి దక్కలేదు. ఎల్‌టీ మొదట వచ్చింది 1993లో, దానికి ఆటోలిస్ప్ ఇచ్చింది ఎల్‌టీ 2024లో!

ఆ ఎక్స్‌లిస్ప్ కథ అక్కడ ఆగలేదు. పాటలు, మాటలు కోసి అతికించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ తెలుసుగా. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ 1999లో దాన్ని మొదలుపెట్టారు. అది సీ ప్లస్ ప్లస్‌లో రాసిందే. దాని ఎఫెక్టుల్లో కొన్ని మాత్రం నైక్విస్ట్ అనే భాషలో ఉంటాయి. డానెన్‌బర్గ్ తయారుచేసిన ఆ నైక్విస్ట్‌కూ మూలం ఎక్స్‌లిస్పే. మేడ ప్లాన్ గీసేవాడూ, పాడ్‌కాస్ట్ దిద్దేవాడూ తెలియకుండానే దాయాదులన్నమాట.

◆ మన ఊళ్లో ఏ ఆడిటర్ ఆఫీసుకు వెళ్లినా టాలీ ఉంటుంది. బెంగళూరులో శ్యామ్‌సుందర్ గోయెంకా, ఆయన కొడుకు భరత్ గోయెంకా 1986లో ప్రారంభించిన సంస్థది అది. లెక్కలు కట్టి డేటా భద్రపరిచే ఇంజిన్ ఒకటి, దాని మీద మన కంటికి కనబడే తెరలు, రిపోర్టులు రాసిన భాష ఇంకోటి. ఆ రెండోదే టీడీఎల్. అందులో రాసే తీరు ముచ్చటగా ఉంటుంది. ముందు రిపోర్టు, రిపోర్టులో ఫారం, ఫారంలో పార్టు, పార్టులో లైను, లైనులో ఫీల్డు. ‘ఇలా చెయ్యి, తరవాత అలా చెయ్యి’ అని కాకుండా ‘ఇది ఇలా ఉంటుంది’ అని చెప్పడమే ఎక్కువ. బిల్లు మీద లారీ నంబరుకు ఒక గడి కావాలి, ధర పక్కన బస్తాల లెక్క కావాలి అంటే వ్యాపారి టాలీ మొత్తాన్ని మార్పించడు, ‘ఒక టీడీఎల్ చేయించుకుంటాడు’. అది చాలాసార్లు టీసీపీ అన్న తోకతో చిన్న ఫైలుగా వస్తుంది, టాలీకి చూపిస్తే చాలు. ఇంజిన్ సోర్స్ కోడ్ కంపెనీ దగ్గరే భద్రం, బిల్లు ముఖచిత్రం మాత్రం మీ ఇష్టం. గట్టు ఎక్కడ వేయాలో తెలిసినవాళ్లు వేసిన గట్టు ఇది. ఊరూరా ఇన్ని వేల దుకాణాలకు ఇన్ని రకాల బిల్లులు ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఇమడడానికి ఇదే కారణమని నేననుకుంటాను.

◆ ఎక్సెల్‌లో ఒక గడిలో 60 అని కొట్టి, ఆ గడిని తేదీగా మార్చి చూడండి. 1900 ఫిబ్రవరి 29 అంటుంది. అలాంటి రోజు లేదు, 1900 లీపు సంవత్సరం కాదు. అదే 60ని ఎక్సెల్ లోపలే ఉండే వీబీఏ భాషలో తేదీగా మార్చండి. 1900 ఫిబ్రవరి 28 అంటుంది. 61 పెట్టండి, ఇద్దరూ మార్చి 1 అంటారు!

కథేమిటంటే, ఎక్సెల్‌కు ముందు రాజ్యమేలిన లోటస్ 1-2-3లో 1900ను లీపు సంవత్సరంగా లెక్కేశారు. లోటస్ ఫైళ్లు ఎక్సెల్‌లో తేడా లేకుండా తెరుచుకోవాలి కాబట్టి ఆ తప్పును ఎక్సెల్ భక్తిగా కాపీ కొట్టింది. 1993లో ఎక్సెల్ 5లో వీబీఏ చేరింది. వీబీఏ తేదీలు ఆ లేని రోజును ఒప్పుకోవు, బదులుగా లెక్క మొదలయ్యే రోజును ఒకటి వెనక్కి జరిపి 1899 డిసెంబర్ 30ని సున్నాగా పెట్టుకుంటాయి. అందువల్ల 1900 మార్చి 1 నుంచి ఈనాటి దాకా ఇద్దరి లెక్కా కలుస్తుంది. ఆ ఏడాది జనవరి, ఫిబ్రవరి నెలల్లో మాత్రం ఒక రోజు తేడా. ఆ రెండు నెలల్లో పుట్టినవాళ్ల రికార్డులు ఎక్సెల్‌లో పెట్టే చరిత్రకారులు తప్ప ఎవరూ పట్టించుకోనక్కర్లేదు.

◆ వీబీఏలో, దాని అక్క విజువల్ బేసిక్‌లో ‘నిజం’ విలువ మైనస్ 1. సీ భాషలో మామూలుగా 1. బేసిక్‌లో ‘కాదు’ అన్న మాట బిట్లన్నిటినీ తిరగేస్తుంది. అన్నీ సున్నాలున్న అబద్ధాన్ని తిరగేస్తే అన్నీ ఒకట్లొస్తాయి, అది మైనస్ 1. తర్కం సవ్యంగానే ఉంది. కానీ సీలో రాసిన విండోస్ ఫంక్షన్‌ను బేసిక్ నుంచి పిలిచి ‘ఫలితం నిజమేనా’ అని సూటిగా పోల్చితే, అవతలివాడు 1 అని నిజమే చెప్పినా ఇక్కడ అబద్ధంగా తేలుతుంది.

◆ చమురు కంపెనీకీ ఫొటోల సాఫ్ట్‌వేర్‌కూ ఏమిటి సంబంధం? బ్రెజిల్ 1977 నుంచి 1992 దాకా విదేశీ కంప్యూటర్ సామగ్రి, సాఫ్ట్‌వేర్ దిగుమతుల మీద గట్టి ఆంక్షలు పెట్టింది. కావాల్సినవి ఇంట్లోనే వండుకోవాలి. రియో డి జెనీరోలోని కేథలిక్ యూనివర్సిటీ పరిశోధకులు అక్కడి చమురు సంస్థ పెట్రోబ్రాస్ పనుల కోసం రెండు చిన్న భాషలు తయారుచేశారు. వాటి అనుభవంతో 1993లో రాబర్టో ఇరుసలింస్కీ, వాల్దెమార్ సెలెస్, లూయిజ్ ఎన్రికె ది ఫిగరెదో తయారుచేసిందే లువా. పుట్టుకతోనే ఇంకో భాష ఒళ్లో కూర్చోడానికి తయారైన భాష అది. సీలో రాసిన ఏ ప్రోగ్రామ్‌లోనైనా చిన్న లైబ్రరీగా ఇమిడిపోతుంది. 2007లో వచ్చిన అడోబ్ లైట్‌రూమ్‌లో ఫొటో గణితం సీ ప్లస్ ప్లస్‌దైతే, ఏ బటన్ నొక్కితే ఏం జరగాలన్న పెత్తనమంతా లువాది. లువా లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది, సీ లెక్క సున్నా నుంచి. ఈ రెండింటి మధ్య పనిచేసేవాడు ఏదో ఒక రోజు ఒకటి ఎక్కువో తక్కువో వేయక మానడు.

◆ పైథాన్ నేర్చుకునేవాళ్లు మొట్టమొదట విండో తెరిచేది టీకింటర్‌తోనే. అందులో ఒక బటన్ తయారుచేసి, దాన్ని ప్రింట్ చేసి చూడండి. చుక్క, ఆశ్చర్యార్థకం, బటన్ అన్న మాట కలిపి ఓ వింత పేరు వస్తుంది. అది పైథాన్ పేరు కాదు. జాన్ ఔస్టర్‌హౌట్ 1988లో బర్క్‌లీలో తయారుచేసిన టీసీఎల్ అనే ఇంకో భాషలో ఆ బటన్ పేరు. మీ పైథాన్ ప్రోగ్రామ్ లోపల నిజంగానే ఒక టీసీఎల్ ఇంటర్‌ప్రెటర్ నడుస్తుంటుంది. మీరు పైథాన్‌లో ఒక మాట అంటే సీ దాన్ని అందుకుంటుంది, టీసీఎల్‌కు అప్పజెబుతుంది, టీసీఎల్ మళ్లీ సీలో రాసిన టీకే అనే లైబ్రరీతో బటన్ గీయిస్తుంది. ‘నాకు పైథాన్ ఒక్కటే వచ్చు’ అనుకునే కుర్రాడు మొదటి వారంలోనే మూడు భాషలు నడిపిస్తున్నాడు.

◆ పట్టికలోని అంకెలను సీ వరసలవారీగా దాచుకుంటుంది, ఫోర్ట్రాన్ నిలువులవారీగా. ఒకరు దాచింది ఇంకొకరు అలాగే చదివితే పట్టిక అడ్డం నిలువవుతుంది. క్రాష్ కాదు, ఎర్రర్ రాదు, జవాబు మాత్రం తప్పు. అన్నిటికంటే ప్రమాదం అదే. మ్యాట్‌ల్యాబ్‌ను న్యూ మెక్సికో యూనివర్సిటీలో క్లీవ్ మోలర్ మొదట రాసింది ఫోర్ట్రాన్‌లో. తరవాత సీలోకి మార్చి 1984లో కంపెనీ పెట్టినా నిలువుల అలవాటు పోలేదు, ఇప్పటికీ అంతే. పైథాన్ లైబ్రరీ నంపై మాత్రం మామూలుగా సీ దారిలో నడుస్తుంది.

◆ సీ షార్ప్, వీబీ డాట్‌నెట్ రెండూ చివరికి ఒకే మధ్యంతర భాషలోకి మారతాయి. వీబీలో రాసిన క్లాస్‌ను సీ షార్ప్ వారసత్వంగా తీసుకోవచ్చు కూడా. అయినా విజువల్ స్టూడియోలో ఒకే ప్రాజెక్టులో రెండు భాషల ఫైళ్లు కలిపి కంపైల్ చేయలేరు, ఒక సొల్యూషన్‌లో వేర్వేరు ప్రాజెక్టులు పెట్టుకోవాలి. ఇక్కడి గట్టు తగాదా పెద్దక్షరాలు, చిన్నక్షరాల మీద. సీ షార్ప్‌కు పెద్ద ఏ వేరు, చిన్న ఏ వేరు. వీబీకి రెండూ ఒకటే. అందుకే ఇతర భాషలవాళ్లు కూడా వాడుకునే లైబ్రరీలో పెద్ద చిన్న తేడా తప్ప వేరే తేడా లేని రెండు పేర్లు బయటికి కనబడకూడదని డాట్‌నెట్ నియమం పెట్టారు.

జావా, కోట్లిన్‌లు ఇంకాస్త సఖ్యంగా ఉంటాయి, ఒకే ప్రాజెక్టులో పక్కపక్కనే. కోట్లిన్ కంపైలర్ ముందుగా జావా సోర్స్ ఫైళ్లను తొంగిచూసి తన పని ముగిస్తుంది, ఆ తరవాత జావా కంపైలర్ వస్తుంది. జావా పరీక్షల్లో తరచూ వాడే మాకిటో లైబ్రరీలో ‘వెన్’ అని ఒక ఫంక్షన్ ఉంది. కోట్లిన్‌లో ఆ మాట భాషకే సొంతం. కాబట్టి కోట్లిన్‌లో దాన్ని పిలవాలంటే అటూ ఇటూ బ్యాక్‌టిక్ గుర్తులు పెట్టి రాయాలి.

◆ అన్నిసార్లూ రెండో భాష తెస్తే లాభమేనా? వీఎస్ కోడ్ బృందం 2018లో చెప్పిన అనుభవం ఇక్కడ గుర్తుపెట్టుకోదగ్గది. ఆ ఎడిటర్ జావాస్క్రిప్ట్ మీద నడుస్తుంది. పెద్ద ఫైళ్లు తెరిచినప్పుడు మెమరీ ఎక్కువ తింటోందని, టెక్స్ట్‌ను దాచే భాగాన్ని సీ ప్లస్ ప్లస్‌లో రాద్దామనుకున్నారు. సీ ప్లస్ ప్లస్ వేగం ఎవరికి తెలియదు! కానీ తెర మీద చూపించడానికి ప్రతి లైనునూ అటు నుంచి ఇటు మార్చి తేవాలి, ఆ మార్పిడి ఖర్చు అక్కడ మిగిలిందంతా మింగేసింది. చివరికి జావాస్క్రిప్ట్‌లోనే ఉండి, దాచే పద్ధతిని మార్చి నెగ్గుకొచ్చారు.

అదే వీఎస్ కోడ్ ఫైళ్లన్నిటిలో మాట వెతికే పనికి మాత్రం 2017 నుంచి రస్ట్‌లో రాసిన రిప్‌గ్రెప్‌ను వాడుతోంది. అక్కడ బేరం కుదిరింది. ప్రశ్న ఒక్కసారి వెళ్తుంది, వేల ఫైళ్లు గాలించాక దొరికినవి మాత్రమే తిరిగొస్తాయి. గట్టు ఎన్నిసార్లు దాటుతున్నారన్నదే లెక్క, అవతల భాష ఎంత వేగమైనదన్నది కాదు.

◆ ఫైర్‌ఫాక్స్ పేజీల అలంకరణ లెక్కలను ఒకేసారి అనేక కోర్ల మీద నడపాలని మొజిల్లావాళ్లు సీ ప్లస్ ప్లస్‌లో ప్రయత్నించి విఫలమయ్యారు. రస్ట్‌లో రాసి 2017 నవంబర్‌లో, 57వ వెర్షన్‌లో సాధించారు. అంతకు ముందు ఏడాది 48వ వెర్షన్‌లో వీడియో ఫైళ్ల వివరాలు చదివే చిన్న ముక్కతో రస్ట్‌ను గుమ్మంలోకి రానిచ్చారు. పాత కోడ్‌ను పడగొట్టకుండా గది తరవాత గది మార్చుకుంటూ పోవడం కొత్త భాష తెచ్చుకోవాలనుకునే ఎవరికైనా మంచి నమూనా.

◆ మెమరీ ఎవరిదన్నది ఆస్తి పంపకమంత చిక్కు. లినక్స్‌లోని డెస్క్‌టాప్ గ్నోమ్ షెల్‌లో కింద సీ, పైన జావాస్క్రిప్ట్. సీ వైపు ఒక వస్తువును ఎందరు పట్టుకున్నారో లెక్కపెట్టి, ఎవరూ లేనప్పుడు పారేస్తారు. జావాస్క్రిప్ట్ వైపు అప్పుడప్పుడు వచ్చి అక్కర్లేనివన్నీ ఊడ్చేస్తారు. ఒకదాన్నొకటి పట్టుకున్న వస్తువుల గొలుసు ఉంటే, ఊడ్చినప్పుడల్లా పై కొస మాత్రమే పోయేది. దాని పట్టు వీడాక గానీ కింది వస్తువు చెత్త అని తెలియదు, అది ఇంకో విడత ఊడ్పులో పోవాలి. మెమరీ అంతకంతకూ పెరిగిపోతోందన్న ఫిర్యాదుల వెనక ఉన్న ఈ సంగతి 2018లో తేలింది. సీ వైపు లెక్కలో తప్పు లేదు, జావాస్క్రిప్ట్ వైపు ఊడ్పులోనూ లోపం లేదు.

◆ ఈ-పుస్తకాలు చదివేవాళ్లకు క్యాలిబర్ పరిచయమే. కోవిద్ గోయల్ 2006లో దాన్ని మొదలుపెట్టింది తాను కొన్న సోనీ ఈ-రీడర్ లినక్స్‌లో పనిచేయకపోవడం వల్ల. పైథాన్‌లో రాసి, బరువు పనులకు సీ, సీ ప్లస్ ప్లస్ వాడుకున్నారు.

◆ చివరగా, ఇవన్నీ కంటితో చూడాలనుంటే రెండు చోట్లు. ఒకటి బ్లెండర్. 2002లో ఏడు వారాల్లో జనం లక్ష యూరోలు పోగుచేసి సోర్స్ కోడ్‌కు స్వేచ్ఛ కొనిచ్చిన త్రీడీ సాఫ్ట్‌వేర్ అది. ఇంజిన్ సీ, సీ ప్లస్ ప్లస్. ప్యానెళ్లు, మెనూలు చాలావరకు పైథాన్. ప్రిఫరెన్సెస్‌లో పైథాన్ టూల్‌టిప్స్ అన్న గడిలో టిక్ పెడితే, ఏ బటన్ మీద మౌస్ ఆపినా దాని వెనకున్న పైథాన్ ఆజ్ఞ కనబడుతుంది. రెండోది ఆడాసిటీ. అది ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లో ప్లగ్-ఇన్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో ఎన్‌వై తోకతో ఉన్న ఫైళ్లే నైక్విస్ట్ ఎఫెక్టులు. ట్రెమొలో ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. బ్రాకెట్ల మీద బ్రాకెట్లతో లిస్ప్ మీ ఎదుటే ఉంటుంది, కంపైల్ చేయనక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అంకెలు మార్చి ఆడుకోవాలనిపిస్తే మాత్రం, ముందుగా ఆ ఫైలుకు ఒక కాపీ తీసి వేరే చోట పెట్టుకోండి.